కృత్రిమ కండరాల మీద పిహెచ్‌డి: ఎలక్ట్రికల్, మెటీరియల్స్, రోబోటిక్స్ విభాగాల్లో ఎవరి పరిశోధనను ఎలా చదవాలి?

తొలిమెట్టు (ప్రశ్న)

నమస్కారం. నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చివరి సెమిస్టరులో ఉన్నాను. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో ప్రాజెక్టు చేసినందువల్ల కన్వర్టర్లు, గేట్ డ్రైవర్లు, హై వోల్టేజి సర్క్యూట్లతో కొంత పరిచయం ఉంది. పిహెచ్‌డి మాత్రం రోబోల కాళ్లనూ చేతులనూ కదిలించే యాక్చువేటర్ల మీద, అందులోనూ కృత్రిమ కండరాలని పిలుస్తున్న మెత్తని యాక్చువేటర్ల మీద చేయాలని నిశ్చయించుకున్నాను.

చిక్కల్లా ఈ పని చేసేవారు ఒకే విభాగంలో లేకపోవడమే. కొందరు మెటీరియల్స్‌లో, కొందరు మెకానికల్‌లో, కొందరు ఎలక్ట్రికల్‌లో ఉన్నారు. ఆచార్యుల పరిచయాలు తీసి చూస్తే స్మార్ట్ మెటీరియల్స్, సాఫ్ట్ రోబోటిక్స్, ఎనర్జీ, సెన్సర్లు అనే నాలుగు మాటలు దాదాపు అందరి పేర్ల కిందా కనిపిస్తున్నాయి. ఆ మాటలను బట్టి ఎవరు పాలిమర్ తయారుచేస్తారో, ఎవరు దానితో రోబోను నడిపిస్తారో, ఎవరు ఆ రెంటికీ నడుమ ఉండే సర్క్యూట్ కడతారో తేల్చుకోవడం నావల్ల కాలేదు.

సరే, పేపర్లే చదువుదామని కూర్చున్నాను. ఒకదానిలో రబ్బరులాంటి పొర కరెంటు పెట్టగానే 100 శాతానికి మించి సాగిందని ఉంది. ఇంకొకదానిలో చేపలు పట్టే నైలాన్ తీగను మెలితిప్పి చేసిన కండరం కిలోకు 5.3 కిలోవాట్ల పవర్ ఇచ్చిందని ఉంది. మూడోదానిలో 80 మిల్లీగ్రాముల రోబో రెక్కలాడిస్తూ గాలిలో నిలిచింది. మూడు సంఖ్యలూ గొప్పగానే ఉన్నాయి గానీ వాటిని పక్కపక్కన పెట్టి చూడడం ఎలాగో తెలియడం లేదు. ఎవరి పనితో చదువు మొదలుపెట్టాలి, నాలాంటి ఎలక్ట్రికల్ వాడు ఏ విభాగంలో చేరితే మేలు, ఆచార్యుని హెచ్-ఇండెక్స్‌ను (పేపర్లకు వచ్చిన ఉదహరింపులను బట్టి కట్టే కొలత) ఎంతవరకు నమ్మవచ్చు అన్నవి నా సందేహాలు. ఈ రంగంలో ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పలుచని పొర

తొలిమెట్టు గారూ, హెచ్-ఇండెక్స్ సంగతి తెలిసినవారికి వదిలి మిగిలిన రెంటికీ జవాబు రాస్తాను. ముందుగా ఒక్క మాట. ఈ రంగంలో ప్రతి గొప్ప సంఖ్యా ఒక భిన్నమే. లవం అందరికీ కనిపిస్తుంది. హారంలో ఏమి చేర్చారో, ఏమి వదిలేశారో పేపరులోని పద్ధతుల విభాగంలో వెతుక్కోవాలి. మీరు చెప్పిన 5.3 కిలోవాట్లనే తీసుకోండి. అది డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన రే బాఫ్‌మన్ బృందం 2014లో సైన్స్ పత్రికలో ప్రకటించిన ఫలితం. ఆ సంఖ్య తప్పేమీ కాదు, కాకపోతే హారంలో ఉన్నది కండరం బరువు మాత్రమే. ఆ తీగను వేడిచేసే సాధనం, చల్లార్చే ఏర్పాటు, వాటికి కరెంటు ఇచ్చే వ్యవస్థ అందులో లేవు. అలాగే మీరు చదివిన 80 మిల్లీగ్రాముల రోబో హార్వర్డ్‌లో రాబర్ట్ వుడ్ బృందం 2013లో ఎగరేసిన రోబోబీ. సెకనుకు 120 సార్లు రెక్కలాడించే ఆ కీటకానికి కరెంటు సన్నని తీగల ద్వారా కింది నుంచి అందింది, దాని స్థితిని చుట్టూ ఉన్న కెమెరాలు కనిపెట్టి చెప్పాయి. అదే బృందం 2019లో తీగలు లేకుండా ఎగిరే రూపాన్ని చేసేసరికి రెక్కలు నాలుగయ్యాయి, బరువు 259 మిల్లీగ్రాములైంది, పైనున్న చిన్న సోలార్ ఘటాలకు మామూలు ఎండకు దాదాపు మూడింతల వెలుగు కావలసివచ్చింది. ఆ రెండు పేపర్లనూ ఒకదాని వెంట ఒకటి చదివితే బరువు లెక్క ఎక్కడెక్కడ పెరిగిందో మీకే కనిపిస్తుంది. ఈ లెక్కను దాచకుండా పట్టిక వేసి చూపే బృందం దగ్గర చేరితే విద్యార్థికి చాలా మేలు జరుగుతుందని నా అభిప్రాయం.

చదువు ఎక్కడ మొదలుపెట్టాలంటే, మీది ఎలక్ట్రికల్ కాబట్టి డైఎలక్ట్రిక్ ఎలాస్టోమర్‌తో మొదలుపెట్టండి. ఇది నిజానికి సాగే కెపాసిటర్ తప్ప మరేమీ కాదు. మెత్తని పొరకు రెండు వైపులా సాగే ఎలక్ట్రోడ్లు పూసి వోల్టేజి ఇస్తే, వ్యతిరేక ఆవేశాల ఆకర్షణ పొరను నొక్కుతుంది. నలిగిన పొర ఘనపరిమాణం మారదు గనుక అడ్డంగా విస్తరిస్తుంది. ఆవేశం ఎక్కిన రబ్బరు పట్టీ పొడవు మారుతుందని రాంట్‌జెన్ 1880లోనే గమనించాడు. దాన్ని యాక్చువేటర్‌గా నిలబెట్టింది మాత్రం అమెరికాలోని ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనల్ పరిశోధన సంస్థలో రాన్ పెల్‌రైన్, రాయ్ కార్న్‌బ్లూ తదితరులు. మీరు చదివిన 100 శాతం పేపరు 2000 సంవత్సరంలో వచ్చిన వారిదే అయివుంటుంది.

ఈ పొరలో పుట్టే ఒత్తిడి విద్యుత్ క్షేత్రపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. చాలామంది వాడే త్రీఎం వారి వీహెచ్‌బీ 4910 యాక్రిలిక్ టేపు 1 మిల్లీమీటరు మందం. దాన్ని పొడవులోనూ వెడల్పులోనూ నాలుగింతలు సాగదీసి చట్రానికి అతికిస్తే మందం పదహారో వంతుకు, అంటే దాదాపు 62 మైక్రాన్లకు దిగుతుంది. దానికి 6 కిలోవోల్టులు ఇస్తే క్షేత్రం మైక్రానుకు సుమారు 97 వోల్టులు. డైఎలక్ట్రిక్ స్థిరాంకాన్ని 4.7గా తీసుకుంటే ఒత్తిడి 0.4 మెగాపాస్కల్, అంటే దాదాపు నాలుగు వాతావరణాల ఒత్తిడి అవుతుంది. వోల్టేజి ఎందుకంత కావాలని అడిగేవారికి జవాబు ఈ మందంలోనే ఉంది. పొరను 10 మైక్రాన్లకు దించితే అదే క్షేత్రం వెయ్యి వోల్టులలోపే వస్తుంది, కాకపోతే ఒక్క పొర చేసే పని తగ్గిపోతుంది గనుక పొర మీద పొర పేర్చాలి. ఎంఐటీలో కెవిన్ చెన్ బృందం ఇరవై పొరలు పేర్చి, 500 వోల్టుల దరిదాపుల్లో నడిచే కండరాలతో కీటకమంత రోబోను ఎగరేసింది ఈ దారిలోనే.

నేను మొదటి సంవత్సరంలో చేసిన పని ఇది కాబట్టి దగ్గరి నుంచి చూసినది చెబుతాను. చట్రం మీద బిగించిన పొరకు రెండు వైపులా కార్బన్ గ్రీజును చిన్న కుంచెతో గుండ్రంగా పూసి వోల్టేజి మెల్లగా పెంచుతూ పోతే, నల్లని వృత్తం ముందు కంటికి తెలియనంతగా, తరువాత నూనెచుక్క కాగితం మీద పరుచుకున్నట్టుగా విస్తరిస్తుంది. ఇంకొంచెం పెంచితే వృత్తంలో ఒక మూల ముడతలు లేస్తాయి. ఆ తరువాత చిన్న టప్పుమన్న చప్పుడు, కాలిన వాసన, పొరలో సూదిమొనంత రంధ్రం. ముడతలు లేచాయంటే కథ దాదాపు ముగిసినట్టే. పొర పలచబడితే అదే వోల్టేజికి క్షేత్రం పెరుగుతుంది, క్షేత్రం పెరిగితే ఒత్తిడి పెరిగి పొర మరింత పలచబడుతుంది. ఈ చక్రం ఒక దశ దాటాక ఆగదు. హార్వర్డ్‌లో జిగాంగ్ సువో ఈ అస్థిరత మీద చేసిన సిద్ధాంత విశ్లేషణ చదివాకే, ముందుగా సాగదీయడం వల్ల పొర ఎందుకు మెరుగ్గా పనిచేస్తుందో నాకు అర్థమైంది.

పగిలిన పొరలన్నీ పట్టుకెళ్లి చూపిస్తే మా గైడు సాగుదల గ్రాఫు వైపు చూడనేలేదు. పొరలను ఒక్కొక్కటే దీపానికి ఎదురుగా పెట్టి రంధ్రం ఎక్కడ పడిందో చూశారు. పదింటిలో ఏడెనిమిది ఎలక్ట్రోడ్ అంచు మీదే పడ్డాయి. అంచు దగ్గర క్షేత్రం పోగుపడుతుంది కనుక లోపం పాలిమర్‌ది కాదు, నా పూతది. నేను ఆరు వారాలుగా పాలిమర్‌ను మారుస్తూ కూర్చున్నాను.

ఈ పగిలే గుణాన్నే పక్కకు తిప్పినవాడు క్రిస్టఫ్ కెప్లింగర్. ఘన పొరకు బదులు ద్రవాన్ని డైఎలక్ట్రిక్‌గా వాడితే, బ్రేక్‌డౌన్ జరిగి కరెంటు దూసుకుపోయినచోట ద్రవం తిరిగి నిండుకుని కండరం మళ్లీ పనిచేస్తుంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో ఉండగా ఆయన బృందం 2018లో ప్రకటించిన ఈ హేజెల్ యాక్చువేటర్ల పని ఇప్పుడు జర్మనీలోని మాక్స్ ప్లాంక్ ఇంటెలిజెంట్ సిస్టమ్స్ సంస్థలో సాగుతోంది. ఇక్కడ కూడా హారం చూడడం మరవకండి, కిలోవోల్టులిచ్చే సప్లై బరువు ఎక్కడ లెక్కించారో, ఎక్కడ లెక్కించలేదో.

విభాగం గురించి అడిగారు. ఈ రంగంలో కొత్త పాలిమర్లకు కొదవ లేదు. తేలికైన, చిన్న, శక్తిని వృథా చేయని హై వోల్టేజి డ్రైవర్లకు మాత్రం నిజమైన కొరత ఉంది. కాబట్టి మెటీరియల్స్ ల్యాబ్‌లో చేరిన ఎలక్ట్రికల్ మనిషికి పని దొరకదన్న భయం అక్కర్లేదు.

గేరుపెట్టె

పలుచని పొర గారు చెప్పినదంతా నిజమే గానీ, కొత్తగా వచ్చేవారు మోటార్ల కథ ముగిసిపోయిందనుకునే ప్రమాదం ఉంది. ఈరోజు నడిచే, దూకే రోబోలన్నీ దాదాపు మోటార్లతోనో హైడ్రాలిక్స్‌తోనో కదులుతున్నాయి. మెత్తని కండరం గెలవాలంటే ముందు ఓడించవలసింది దీనినే, కనుక దీని బలమెంతో లెక్కకట్టకుండా ఆ రంగంలోకి దిగకూడదు.

మోటారు కథ కూడా మెటీరియల్స్‌తోనే మొదలవుతుంది. 1980ల మొదట్లో జపాన్‌లో మసాతో సగావా, అమెరికాలో జాన్ క్రోట్ ఎవరికి వారుగా నియోడైమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతాన్ని కనుగొనకపోతే అరచేతిలో పట్టే మోటారుతో రోబో కాలు ఎత్తడం ఊహించలేం. ఆ అయస్కాంతానికి ఉన్న బలహీనత వేడి. అయస్కాంత గుణం పోయే క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 310 డిగ్రీల సెల్సియస్ అయినా, మామూలు రకాలను 80 డిగ్రీలు దాటనివ్వరు. అంతకుమించి నిలవాలంటే డిస్ప్రోసియం లాంటి ఖరీదైన మూలకం కలపాలి. మరోవైపు రాగి చుట్ట ఉష్ణోగ్రత మరో 100 డిగ్రీలు పెరిగితే దాని నిరోధం దాదాపు 39 శాతం పెరుగుతుంది, అదే టార్క్‌కు (తిప్పే బలానికి) మరింత వేడి పుడుతుంది. అంటే రోబో కాలు ఎంతసేపు బరువు మోయగలదన్నది కంట్రోల్ ప్రోగ్రాము కంటే ముందు రాగి, అయస్కాంతం, వాటి మధ్య జిగురు తేల్చే విషయం.

దీని తరువాత గేరు. చిన్న మోటారుకు 100:1 గేరు తగిలిస్తే టార్క్ వంద రెట్లు వస్తుంది, నిజమే. కానీ బయటి నుంచి చూసినప్పుడు రోటర్ (మోటారులో తిరిగే భాగం) జడత్వం గేరు నిష్పత్తి వర్గంతో, అంటే పదివేల రెట్లు పెరిగినట్టు ఉంటుంది. అలాంటి కాలు నేలను తాకడమంటే సమ్మెటతో కొట్టడమే. దెబ్బంతా గేరు పళ్ల మీద పడుతుంది. దీనికి రెండు మందులున్నాయి, రెండూ చదవదగినవే. గిల్ ప్రాట్, మాథ్యూ విలియమ్సన్ 1995లో గేరుకూ భారానికీ నడుమ స్ప్రింగు పెట్టి, ఆ స్ప్రింగు ఎంత వంగిందో కొలిచి బలాన్ని తెలుసుకున్నారు. కావాలనే మెత్తదనం చేర్చడం అప్పటి ఇంజనీర్లకు తలకిందుల ఆలోచన. ఎంఐటీలో సాంగ్‌బే కిమ్ బృందం వేరే దారి పట్టింది. వెడల్పైన, పలుచని మోటారు చేసి గేరును 6:1 దగ్గరే ఆపితే జడత్వం 36 రెట్లే పెరుగుతుంది, పైగా మోటారు కరెంటును చూసే నేల ఎంత బలంగా తన్నిందో అంచనా కట్టవచ్చు. చీతా రోబోల కాళ్ల గురించి వారు రాసినవి చదివితే విడిగా ఫోర్స్ సెన్సర్ లేకుండా అంత వేగంగా ఎలా పరిగెత్తుతాయో తెలుస్తుంది. ఈ రెంటికీ వెనుక ఉన్న ఆలోచన మీకు స్పష్టం కావాలంటే నెవిల్ హోగన్ 1985లో ఇంపెడెన్స్ కంట్రోల్ (కదలికకు ఎంత బలంతో ఎదురు నిలవాలో నియంత్రించడం) మీద రాసిన మూడు భాగాల పేపరు చూడండి. ఎలక్ట్రికల్ వారికి ఇంపెడెన్స్ అనే మాట ఇంట్లో మాటే కాబట్టి అది మెకానికల్ విద్యార్థుల కంటే మీకే తేలికగా ఎక్కుతుంది.

ఇక నైలాన్ కండరం గురించి ఒక్క మాట. అది వేడితో నడుస్తుంది, కాబట్టి సామర్థ్యం కొద్ది శాతం దాటదు, వేగం చల్లారే కాలాన్ని మించదు. కిటికీ తలుపులు ఉష్ణోగ్రతను బట్టి వాటంతటవే తెరుచుకోవడానికి అది చక్కని పదార్థం. నడిచే రోబో కాలికి కాదు. ఈ తేడాను ఆచార్యుడు తన పేపరులో తానే చెప్పాడా, పాఠకుడికే వదిలేశాడా అన్నది నేనైతే చూస్తాను.

విభాగం విషయంలో పలుచని పొర గారితో ఏకీభవించలేను. మెటీరియల్స్ ల్యాబ్‌లో ఒంటరి ఎలక్ట్రికల్ విద్యార్థి తరచుగా అందరి సర్క్యూట్లూ బాగుచేసే మనిషిగా మిగిలిపోతాడు. పేరు ప్రతి పేపరులో నాలుగో స్థానంలో ఉంటుంది, థీసిస్ మాత్రం తయారుకాదు. ఇద్దరు గైడ్ల కింద చేరండి, అందులో ఒకరు రోబోను నిజంగా నడిపేవారై ఉండాలి.

సూచీపత్రం

హెచ్-ఇండెక్స్ గురించి నేను రాస్తాను, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పరిశోధన సమాచారం చూసేది నా ఉద్యోగం. ఈ కొలతను 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించాడు. ఒకరికి 40 ఉందంటే కనీసం 40 సార్లు చొప్పున ఉదహరింపబడిన పేపర్లు 40 ఉన్నాయని అర్థం, అంతకుమించి ఏమీ కాదు. అది కాలంతో పెరుగుతుందే గాని తగ్గదు, కాబట్టి ఇరవై ఏళ్ల కిందటి పనితో పేరు తెచ్చుకుని ఇప్పుడు ల్యాబ్ మూసినవారికీ అది చెక్కుచెదరదు.

మీ మూడు విభాగాలను దానితో పోల్చడం మరీ ప్రమాదం. మెటీరియల్స్ వారు ఎక్కువగా జర్నల్స్‌లో, పెద్ద బృందాలతో, త్వరత్వరగా ప్రచురిస్తారు. బ్యాటరీ, పాలిమర్ పేపర్లను రసాయన, భౌతిక శాస్త్రాల వారు కూడా ఉదహరిస్తారు. రోబోటిక్స్‌లో ఐసీఆర్‌ఏ, ఐరాస్ వంటి సమావేశాల పేపర్లకు జర్నల్‌తో సమానమైన గౌరవం ఉంది, కొన్ని సమాచార నిధులు వాటిని సరిగా లెక్కించవు. రోబోను కట్టడానికే రెండేళ్లు పట్టిన విద్యార్థి ఆ రెండేళ్లలో ఒక్క పేపరు రాస్తే అది సోమరితనం కాదు.

దానికి బదులు ఈ పని చేయండి. ఆచార్యుని దగ్గర గత ఐదారేళ్లలో పూర్తయిన పిహెచ్‌డి థీసిస్‌లను విశ్వవిద్యాలయ భాండాగారంలో వెతికి, రెండింటిని అనుబంధాలతో సహా చదవండి. పేపరులో ఒక్క వాక్యంగా మిగిలిన వైఫల్యం థీసిస్‌లో ఒక అధ్యాయంగా ఉంటుంది. ఎన్ని నమూనాలు చేస్తే ఎన్ని పనిచేశాయో, ఏ పరికరం సొంతంగా ఉందో, ఏది పక్క ల్యాబ్ నుంచి అడిగి తెచ్చారో అక్కడే బయటపడుతుంది. పేపరు చివర ఎవరు ఏ పని చేశారో చెప్పే పేరాను కూడా వదలకండి. సర్క్యూట్ పని ప్రతిసారీ బయటి సహకారుల పేరు మీదే ఉంటే ఆ ల్యాబ్‌లో ఆ నైపుణ్యం లేదన్నమాట. అది మీకు అవకాశమో అవరోధమో పైన వాదించుకుంటున్న పెద్దలు తేల్చాలి.

తొలిమెట్టు

ముగ్గురికీ కృతజ్ఞతలు. సూచీపత్రం గారు చెప్పినట్టు రెండు థీసిస్‌లు తెచ్చుకున్నాను. ఒకదానిలో 31 నమూనాలు చేస్తే 9 మాత్రమే వెయ్యి చక్రాలు దాటాయని పట్టిక ఉంది. అదే పని మీద వచ్చిన పేపరులో అత్యుత్తమ నమూనా గ్రాఫు ఒక్కటే ఉంది. హారం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇంకొక్క సందేహం. పలుచని పొర గారూ, డ్రైవర్ల కొరత ఉందన్నారు. బజారులో చిన్న కిలోవోల్ట్ మాడ్యూళ్లు దొరుకుతున్నాయి కదా, మిగిలిన సమస్య ఏమిటి? ఆచార్యులకు రాసే ఉత్తరంలో దీన్నే నా ప్రతిపాదనగా పెట్టవచ్చా?

పలుచని పొర

తప్పకుండా పెట్టవచ్చు. సమస్య వోల్టేజి ఎక్కించడంలో లేదు, దించడంలో ఉంది. పైన చెప్పిన 62 మైక్రాన్ల పొర మీద 1 సెంటీమీటరు వ్యాసార్ధంతో వృత్తం పూస్తే కెపాసిటెన్స్ దాదాపు 0.2 నానోఫారడ్ వస్తుంది. 6 కిలోవోల్టుల వద్ద అందులో నిలిచే శక్తి 4 మిల్లీజౌళ్లలోపు. ఒక్కో చక్రంలో యాంత్రిక పనిగా మారేది దానిలో కొంత భాగమే, మిగిలినది ఆవేశంగా అక్కడే ఉంటుంది. చాలా ల్యాబ్‌లలో దాన్ని ఒక రెసిస్టరు గుండా వేడిగా వదిలేస్తారు. బజారు మాడ్యూళ్లలో ఎక్కువ భాగం ఒకవైపే నడుస్తాయి, శక్తిని వెనక్కి తీసుకోలేవు. రెండు వైపులా నడిచే ఫ్లైబ్యాక్ కన్వర్టర్‌తో (ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వోల్టేజి మార్చే సర్క్యూట్) ఆ ఆవేశాన్ని బ్యాటరీకి తిప్పగలిగితే, అదీ కొద్ది గ్రాముల బరువులో చేయగలిగితే, అది మీ థీసిస్‌లో సగం. ఆ కెపాసిటెన్స్ సాగుదలతో పాటు మారుతుంది గనుక, డ్రైవ్ చేస్తూనే దాన్ని కొలిచి కండరం ఎంత సాగిందో వేరే సెన్సర్ లేకుండా చెప్పడం మిగిలిన సగం కావచ్చు.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. ఈ వృత్తాన్ని సెకనుకు పదిసార్లు నడిపితే సగటు కరెంటు 12 మైక్రోఆంపియర్ల చిల్లర. 1 గిగాఓమ్ నిరోధమున్న హై వోల్టేజి ప్రోబు తగిలిస్తే అదొక్కటే 6 మైక్రోఆంపియర్లు లాగుతుంది. నేను మూడు వారాలు కండరంలో లీకేజీ ఉందనుకుని వెతికినది ఈ ప్రోబు తాగిన కరెంటునే.

గేరుపెట్టె గారు చెప్పిన ఇద్దరు గైడ్ల సలహా నాకూ నచ్చింది. ఉత్తరం ఇద్దరికీ కలిపి ఒక్కటే రాయండి. మీరు కట్టదలచిన డ్రైవర్ బరువు, వోల్టేజి, అది నడపవలసిన కెపాసిటెన్స్ అన్న మూడు సంఖ్యలూ మొదటి పేరాలోనే ఉండేట్టు చూడండి.